బురదలో అమ్మ పందెం

దసరా సెలవుల ఆఖరి రోజున, అనంతగిరి వైపు దిగే ఘాట్ రోడ్డులో పడి నా కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాను. దానికి పెద్ద కారణమేమీ లేదు. మలుపులో తడి ఆకులున్నాయి, నేను వేగంగా ఉన్నాను, ముందు చక్రం జారింది. రోడ్డు పక్క కాలువలోంచి లేచి మొదట సైకిల్‌ని చూసుకున్నాను. దానికేమీ కాలేదు. దాన్ని పైకి తీద్దామని వంగితే ఎడమ చెయ్యి లేవలేదు.

విశాఖలో ఎముకల డాక్టరు చేతికి పట్టీ వేసి, "ఆరు వారాలు చెయ్యి కదపొద్దు. మూడు నెలలు సైకిల్ ముట్టుకోవద్దు," అన్నాడు.

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. "అయితే డిసెంబరు పోయినట్టేనా?"

"డిసెంబరులో ఏముంది? పెళ్లా?"

"పందెం," అన్నాను. ఆయన మళ్లీ ఎక్స్‌రే వైపు చూశాడు, తలకి కూడా దెబ్బ తగిలిందేమో చూడాలన్నట్టు.

మా సంగతి ఆయనకెలా తెలుస్తుంది? మాది అరకులో రైలు కట్టకి అవతల, పొలాల అంచున ఉన్న ఇల్లు. నాన్న మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన స్థిమితంగా కూర్చుని మాట్లాడడం నేను చూడలేదు. అన్నం కూడా గుమ్మంలో నిలబడి, రోడ్డు మీద ఎవరు పోతున్నారో చూస్తూ తింటారు. నాకూ, నాకంటే ఆరేళ్లు చిన్నదైన చెల్లికీ స్కూలు గ్రౌండులో సైకిల్ నేర్పింది ఆయనే. ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే బట్టలు మార్చుకుని ముగ్గురం బయల్దేరేవాళ్లం. ఇప్పుడు నేను దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. చెల్లి విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. అయినా శనివారం వస్తే చాలు, దాని కాళ్లు అక్కడ నిలవవు. రైలెక్కి వచ్చేస్తుంది.

అమ్మ మాత్రం మాతో వచ్చేది కాదు. అమ్మ ఏఎన్ఎం, ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సు. ముప్ఫై ఏళ్లకు పైగా, మొదట పాచిపెంట వైపు, తర్వాత ఇక్కడ, క్యారేజీకి టీకాల పెట్టె కట్టుకుని కొండ ఊళ్లు తిరిగింది. ఆవిడ నల్ల లేడీస్ సైకిల్ బరువు మా రెండు సైకిళ్ల బరువంత ఉంటుంది. ఆదివారం రమ్మంటే, "వారమంతా తొక్కినాను. సాల్దేటి? మీరెల్లండి," అని పడుకునేది.

సైక్లోక్రాస్ అనే మాటని మా ఇంటికి తెచ్చింది చెల్లి. ఫోనులో వీడియో చూపించింది. ఎక్కడో చలి దేశంలో శీతకాలం, వాన, మోకాలి లోతు బురద. మనుషులు సైకిల్ తొక్కుతున్నారు. అడ్డంగా చెక్కలు రాగానే దిగి, సైకిల్‌ని భుజాన వేసుకుని గట్టు మీదికి పరుగెత్తి, మళ్లీ ఎక్కుతున్నారు. నాన్న ఫోను లాక్కుని నిలబడే మూడుసార్లు చూశారు. అమ్మ వెనక నుంచి తొంగి చూసి, "పాపం, ఆళ్లకి జీతమెంతిత్తారేటే?" అంది.

"జీతం కాదమ్మా, సరదాకి."

"సరదాకి మోస్తన్నారా?" అమ్మ నవ్వలేదు. నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి.

ఆ శీతకాలమే నాన్న మా ఇంటి కింది పొలంలో పందేనికి దారి గీశారు. వరి కోత అయ్యాక ఖాళీగా ఉండే ఆ మళ్లు, మేము తాతా అని పిలిచే ఒక గిరిజన రైతువి. పొలంలోంచి సిల్వర్ ఓక్ చెట్ల మధ్యకి, అక్కడ రెండు దుంగలు అడ్డం, తర్వాత గెడ్డ అనే కొండవాగులోకి దిగడం, సైకిల్ మోసుకుని నీళ్లు దాటి అవతలి గట్టెక్కడం, పై మళ్ల మీదుగా చుట్టు తిరిగి మళ్లీ పొలం. నలభై నిమిషాల్లో ఎవరెన్ని చుట్లు తిరిగితే అంత. మొదటి ఏడాది మేం ముగ్గురమే. తర్వాత చెల్లి చెప్పగా విశాఖ నుంచి సైకిల్ వాళ్లు నలుగురైదుగురు వచ్చారు. నాలుగో ఏడాదికి ముప్ఫై మంది అయ్యారు. ఆడవాళ్లకి విడిగా పందెం పెట్టాలని చెల్లి పట్టుబట్టింది. కనీసం ముగ్గురు పూర్తి చేస్తేనే పందెం జరిగినట్టు అని నాన్న రూలు రాశారు. చెల్లీ, నేనూ, పాడేరు వైపు నుంచి వచ్చే ఒక కాలేజీ అమ్మాయీ. ఎప్పుడూ సరిగ్గా ముగ్గురమే.

ఇప్పుడు నా భుజం విరిగింది.

ఆ రెండు నెలలు ఇంట్లో ఎలా గడిచాయో చెప్పడం కష్టం. బడికి ఆటోలో వెళ్లి వచ్చేదాన్ని. ఆటోలోంచి వలిసె పూల పసుపు కనిపించేది. దాని పక్కన నేను లేనందుకు కోపం వచ్చేది. ఇంటికొస్తే కూర్చోలేకపోయేదాన్ని. పుస్తకం తీస్తే రెండు పేజీలు. టీవీ పెడితే పది నిమిషాలు. పొద్దున్నే పొగమంచులో నాన్న సైకిల్ బెల్లు దూరమవుతుంటే కాళ్లు దుప్పటి కింద వాటంతటవే కదిలేవి.

అప్పుడే గమనించాను, ఇంట్లో కూర్చోలేని మనిషి నేనొక్కదాన్నే కాదని. జూన్‌లో అమ్మ రిటైరైంది. అయినా రోజూ అయిదింటికి లేచి, నీళ్లు పట్టి, జడ వేసుకుని, సైకిల్ బయటికి తీసేది. గుడ్డతో తుడిచేది. టైర్లు నొక్కి చూసేది. తర్వాత దాన్ని మళ్లీ లోపల పెట్టేసేది.

ఒకరోజు అడిగాను. "ఎక్కడికైనా వెళ్లాలా అమ్మా?"

"ఎక్కడికెల్తాను? కొత్త పిల్ల వచ్చినాది కదా నా సోటికి. దానికి స్కూటీ ఉన్నాది." తుడిచే గుడ్డ దులిపి, "నాను ఊరికే పోతే ఆ గుంటకి బాగోదు. తనిఖీకొచ్చినట్టుంటాది," అంది.

ఇద్దరం వరండాలో నిలబడ్డాం. కుర్చీలు రెండూ ఖాళీగానే ఉన్నాయి.

డిసెంబరులో పందేనికి వారం ముందు వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. మా పందెం ఎప్పుడూ పొడి నేల మీదే జరిగేది. బురద కోసమని నాన్న గెడ్డలోంచి బిందెలతో నీళ్లు మోయించిన ఏడాది కూడా ఉంది. ఇప్పుడు ఆకాశమే పోస్తోంది. నాన్న కిటికీ దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటూ, "ఈసారి అసలైన బురద!" అన్నారు. చెల్లికి ఫోను చేసి వాన చప్పుడు వినిపించారు.

మూడో రోజు పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. గొడుగు పట్టుకుని మేం కిందికి దిగేసరికి తాతా, ఆయన భార్యా, కోడలూ మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నారు. కోసి మళ్లలో పరిచిన వరి పనలు నీళ్లలో తేలుతున్నాయి. నాలుగు రోజుల్లో కుప్ప వేద్దామనుకున్న పంట.

తాతా నాన్న వైపు తిరిగి, "మేస్టారు, బురద కావాలని నువ్వు దేవుడికి సెప్పినావేటి?" అన్నాడు. కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు.

నాన్న గొడుగు నాకిచ్చేశారు. చెప్పులు గట్టు మీద విడిచి, ప్యాంటు మడిచి, నీళ్లలోకి దిగారు. అమ్మ అప్పటికే చీర ఎగ్గట్టింది. ఆ రోజూ మర్నాడూ ఇద్దరూ ఆ ముగ్గురితో కలిసి పనలు ఏరి, నీళ్లు వార్చి, మెరక మీద ఉన్న బండపరుపు మీద ఆరబెట్టారు. నాన్న డ్రిల్లు పీరియడ్‌లో పరుగెత్తించినట్టు తనని తానే పరుగెత్తించుకున్నారు. నేను ఒంటి చేత్తో గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. ఒక పన ఎత్తబోతే అమ్మ దూరం నుంచే అరిచింది. "ఒసే, నీ బుజం! అక్కడే కూకో." కూర్చోలేదు. టీ కాచి ఫ్లాస్కు మోసుకొచ్చాను. అది మాత్రం ఒంటి చేత్తో వీలైంది.

పంటలో కొంత మొలకెత్తిపోయింది, ఎక్కువ భాగం దక్కింది. పందెం మానేద్దామని నాన్న అన్నారు. తాతాయే ఒప్పుకోలేదు. "వరి ఎత్తేసినాం కదా. ఆళ్లని రానీ. మా మనవలు సూత్తారు," అన్నాడు.

పందెం రోజు పొద్దున లోయంతా పొగమంచు. నా పని చుట్లు లెక్కపెట్టడం. గెలుపు గీత దగ్గర స్టూలు వేశారు. ఒళ్లో నోట్‌బుక్. పక్కన తాడుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క, ఆఖరి చుట్టు ముందు గంటలా కొట్టడానికి. మగవాళ్ల పందెం ముందు అయిపోయింది. ఒక్కొక్కరూ మట్టి బొమ్మల్లా వచ్చారు. నాన్న పందెం పెద్ద కాబట్టి తొక్కలేదు. ఎర్ర జెండా పట్టుకుని గట్ల మీద పరుగులు తీస్తూనే ఉన్నారు.

ఆడవాళ్ల పందేనికి చెల్లి, కాలేజీ అమ్మాయి, ఇద్దరే వచ్చి నిలబడ్డారు. నా బదులు విశాఖ నుంచి రావలసిన మూడో ఆవిడ జ్వరమని పొద్దున్నే మెసేజ్ పెట్టింది. చెల్లి ఏడాదంతా కైలాసగిరి ఎక్కీ దిగీ తయారైంది. దాని దవడ బిగుసుకోవడం నాకు స్టూలు దగ్గర్నుంచే కనిపించింది.

"మగవాళ్ల లిస్టులో కలిపి టైం వేస్తాం," అన్నాడు విశాఖ వాళ్లలో ఒకాయన.

"అక్కర్లేదు," అంది చెల్లి.

అప్పుడు వెనక నుంచి, "మేస్టారూ, నా పేరు రాయండి," అని వినిపించింది.

నాన్న తిరిగి చూశారు. మేం అందరం చూశాం. అమ్మ చీర మీద నాన్న పాత స్వెట్టర్ వేసుకుని, చేత్తో ఆ నల్ల సైకిల్ పట్టుకుని నిలబడింది.

"నువ్వా?" అన్నారు నాన్న.

"ముగ్గురుండాలన్నది మీరే కదా. నాను మనిషిని కాదేటి?"

చెల్లి దగ్గరికి వెళ్లింది. "అమ్మా, నువ్వు గెలవక్కర్లేదు. ఆగకుండా తిరుగు చాలు. సరేనా?"

"ఆగడమెందుకు?" అంది అమ్మ.

నాన్న జెండా ఊపారు. చెల్లి మొదటి పెడల్‌కే దూసుకుపోయింది. కాలేజీ అమ్మాయి దాని వెనక. అమ్మ నిదానంగా, వీపు నిటారుగా, ఊరికి పోతున్నట్టు పోయింది. ఆ బురదలో సన్న టైర్లు దిగబడి ఆగిపోతాయనుకున్నాను. ఆగలేదు. ఏది గట్టి నేలో ఏది కాదో ఆవిడకి ముందే తెలిసినట్టుంది. గడ్డి ఉన్న అంచు పట్టుకుని పోయింది. గెడ్డ దగ్గర నాన్న ఉన్నారు. తర్వాత ఆయనే చెప్పారు. మగవాళ్లంతా అక్కడ జారి పడ్డారట. అమ్మ దిగి, సైకిల్‌ని పక్కకి వంచి, వాలు కడ్డీ కిందికి భుజం పెట్టి, ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, రాయి మీంచి రాయి మీదికి నాలుగు అంగల్లో దాటేసిందట. అక్కడున్న పిల్లలు ఈలలు వేశారట.

నేను గీతలు గీస్తున్నాను. చెల్లి రెండు చుట్లు వచ్చేసరికి అమ్మ ఒకటి. చెల్లి అయిదు తిరిగేసరికి అమ్మ మూడు. మూడోసారి నా ముందు నుంచి పోతూ, "ఇంకెన్నే?" అని అడిగింది.

"టైం అయ్యేదాకా అమ్మా."

"మళ్లీ ఇటేనా?"

"అవును, ఇటే."

ఆవిడ మొహం నాకు గుర్తుంది. అలసట లేదు. విసుగు ఉంది.

పట్టా ముక్క కొట్టాను. చెల్లి ఏడో చుట్టు ముగించి, చేతులు పైకెత్తి గీత దాటింది. కాలేజీ అమ్మాయి దాని తర్వాత వచ్చింది. ఇక అమ్మ రావాలి. మొదలుపెట్టిన చుట్టు, టైం అయ్యాక పావుగంటలోపు ముగించాలని రూలు. అయిదు నిమిషాలయ్యాయి. పది. చెల్లి సైకిల్ పక్కన పడేసి చెట్ల వైపు చూస్తోంది. అమ్మకి అరవై దాటాయి. గెడ్డ నీళ్లు పెరిగి ఉన్నాయి. స్టూలు మీంచి లేచాను.

పావుగంట దాటాక అందరం పరుగెత్తాం. భుజం కదిలినప్పుడల్లా పళ్లు బిగబట్టుకుని నేనూ పరుగెత్తాను. గెడ్డ దగ్గర ఎవరూ లేరు. నాన్న నీళ్ల వెంట కింది దాకా పోయి, పొదలు తొలగించి చూస్తున్నారు. మధ్యమధ్యలో ఆగి పిలుస్తున్నారు. "ఏమే! ఎక్కడున్నావు?"

అవతలి గట్టు మీద దారి రెండుగా చీలుతుంది. పందెం తాడు ఎడమకి తిప్పి కట్టారు. కుడి వైపు కొండ మీది ఊరికి పోయే పాత కాలిబాట. చెల్లి దాని మీద వంగి చూసి, "అక్కా!" అంది. తడి మట్టిలో సన్నటి టైరు గుర్తు ఒకటి. అటే పోయింది, తిరిగి రాలేదు.

నాన్న అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన కూర్చోవడం ఆ రోజు చూశాను.

గంటన్నర తర్వాత అమ్మ వచ్చింది. అప్పటికి విశాఖ వాళ్లు సైకిళ్లు కార్ల మీద కట్టుకుంటున్నారు. అమ్మ దిగుడులో బ్రేకు నొక్కుతూ, బుగ్గలు ఎర్రబడి, క్యారేజీకి కట్టిన ఒక గుమ్మడికాయతో వచ్చింది. రిటైరైనప్పటి నుంచి ఆవిడ కళ్లు అంత వెలుగుగా నేను చూడలేదు.

"ఎక్కడికి పోయావమ్మా?" చెల్లి అరిచింది. "దారి తప్పావా?"

"తప్పలేదు. తెలిసే ఎల్లినాను."

"తెలిసీ?"

"ఎడమకి తిరిగితే మళ్లీ ఇదే పొలం. మూడుసార్లు తిరిగినాను. నాలుగోసారి తిరగబుద్ధి కాలేదు. ఆ కుడిపక్క దారి సూసేసరికి…" అమ్మ గుమ్మడికాయ మీద చెయ్యి వేసింది. "పైన ఒక బాలింత ఉన్నాది. ఆ పిల్లకి నెలలున్నప్పుడు నాను రిటైరైపోయినాను. ఏటి పుట్టిందో తెలీదు నాకు. సూసొచ్చినాను. ఆడపిల్ల."

చెల్లి అమ్మ సైకిల్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఒక్క చుట్టు అమ్మా. ఒక్కటి తిరిగి ఉంటే నేను గెలిచినట్టు. సంవత్సరం కష్టపడ్డాను."

అప్పుడు అమ్మకి అర్థమైంది. మొహంలో వెలుగు దిగిపోవడం కళ్లారా చూశాను. నాన్న వైపు తిరిగి, "మేస్టారూ, ఇప్పుడు తిరిగేత్తాను. బేగి తిరిగేత్తాను," అంది.

నాన్న తల అడ్డంగా ఊపారు. రూలు ఆయనే రాశారు. ఆడవాళ్ల పందెం జరగలేదని కాగితం మీద రాసిందీ ఆయనే. చెల్లి అన్నం తినకుండా రైలెక్కేసింది. గుమ్మడికాయ వంటింట్లో మూల అలాగే ఉండిపోయింది. దాన్ని కొయ్యమని ఎవరూ అనలేదు.

తర్వాతి రెండు వారాలు ఇల్లంతా అడుగుల చప్పుడు. నాన్న వరండాలో, నేను హాల్లో, అమ్మ పెరట్లో. అమ్మ రోజూ ఫోను తీసి, చెల్లి నంబరు దాకా వెళ్లి, పెట్టేసేది. "పనిలో ఉంటాదేమో," అనేది. క్రిస్మస్‌కి చెల్లి వచ్చింది, చర్చిలో మా పక్కనే కూర్చుంది, కేకు తింది, మామూలుగానే మాట్లాడింది. కానీ సైకిల్ తేలేదు. అది తేకుండా రావడం అదే మొదటిసారి. నాన్న రెండుసార్లు గేటు దాకా వెళ్లి చూసి వచ్చారు, ఎక్కడో ఆనించి ఉంటుందేమోనని.

జనవరిలో ఒక సాయంత్రం చెల్లి ఫోను చేసింది. నాకు కాదు, అమ్మకి. స్పీకరు పెట్టమని నేను సైగ చేశాను.

"అమ్మా, ఆ కుడిపక్క దారి ఎంత దూరం?"

"ఎందుకే?"

"చెప్పు."

"అయిదారు కిలోమీటర్లుంటాది. సగం తొక్కడం, సగం మొయ్యడం."

"వారానికి ఎన్నిసార్లు వెళ్లేదానివి?"

"రెండుసార్లు. పొంగు జొరాల కాలంలో రోజూ."

"శనివారం వస్తున్నాను. సైకిల్ తెస్తున్నాను," అంది.

డాక్టరు నాకు సరేనన్నది కూడా ఆ వారమే. అలా మేం నలుగురం మొదటిసారి కలిసి బయల్దేరాం. అమ్మ ముందు, మేం వెనక. మంచు ఇంకా విడలేదు. గెడ్డ దాటాక దారి నిలువుగా లేచింది. చెల్లి తేలికైన సైకిల్ భుజాన వేసుకుని, పందెంలో పరుగెత్తినట్టే పరుగెత్తింది. రెండో మలుపుకే ఆయాసపడి ఆగింది. అమ్మ దాన్ని దాటి పోయింది, వేగం పెంచకుండా, తగ్గించకుండా.

"అమ్మా, ఆగు," అంది చెల్లి.

"ఆగితే మోకాళ్లు పట్టేత్తాయి. సిన్న అడుగులెయ్యి. పెద్దవి వెయ్యకు."

చెల్లి చిన్న అడుగులు వేసింది. నాలుగో మలుపు దగ్గర నేను చూసేసరికి ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. మాటలు వినపడలేదు. చెల్లి ఏదో అడిగింది, అమ్మ చెయ్యి చాపి కొండ అవతలి ఊళ్లు చూపిస్తోంది. ఒకసారి చెల్లి గట్టిగా నవ్వింది. నాన్న నా వెనక నుంచి, "ఏమంటున్నారు?" అని అడిగారు. తెలీదన్నాను.

పైన ఇరవై ఇళ్లు. ఆ బాలింత బిడ్డని చంకన వేసుకుని ఎదురొచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మాకు చావడిలో చాప పరిచారు, రాగులతో కాచిన చోడి అంబలి ఇచ్చారు. బిడ్డ కళ్లు, నాలుక చూసి, బరువు చేత్తో అంచనా కట్టి, అమ్మ వచ్చి చాప మీద కూర్చుంది. చెల్లి తన గిన్నె ఆవిడ చేతిలో పెట్టింది.

అమ్మ రెండు గుక్కలు తాగింది. కొండకి అవతల, మంచు విడిపోతున్న చోట, ఇంకో ఊరి పొగ కనిపిస్తోంది. అమ్మ అటు చూస్తోంది. మేం ముగ్గురం అమ్మ వైపు చూస్తున్నాం.

"అదెంత దూరమమ్మా?" అని అడిగింది చెల్లి.

అమ్మ అప్పటికే గిన్నె కింద పెట్టి లేచింది. "లెగండి మరి," అంది. "ఎండెక్కితే ఆ దిగుడు జారుతాది."